ఆదోని పత్తి ప్రెస్సు, సలోమి మిరప చేను, ఒక నల్ల పైపు

కొందరు ఊరు మారితే గుడికి వెళ్తారు, కొందరు చీరల కొట్టుకు వెళ్తారు. నేను ఏ ఊళ్లో దిగినా ముందు నీళ్ల ట్యాంకు ఎక్కడుందో వెతుక్కుంటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. కర్నూలులో ఒక పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ చెప్పడమే నా ఉద్యోగం కాబట్టి, జీతం తెచ్చే జబ్బులే అని నేను సర్దిచెబుతుంటాను. ఈసారి ప్రయాణానికి కారణం మాత్రం మా పిల్లల ఆవులింతలు. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది ఎక్కడా తగ్గకుండా అన్ని వైపులకూ పాకుతుంది అని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేసరికి వెనక బెంచీలు సగం నిద్రలోకి జారుకున్నాయి. ఆదోనిలో పత్తి బేళ్లు కట్టే ప్రెస్సులు ఈ చలికాలంలోనే జోరుగా ఆడతాయని తోటి లెక్చరర్ చెప్పింది. వెళ్లి ఫోన్లో వీడియో తీసుకొచ్చి వీళ్ల నిద్ర వదిలిద్దామని, ఒక శుక్రవారం సెలవు పెట్టి బయల్దేరాను.

కర్నూలులో తెల్లవారుజామున ఐదున్నరకు ఆదోని ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా దాదాపు మూడు గంటల దారి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. మగవాళ్లు రెండు వందల దాకా జేబులో పెట్టుకుంటే చాలు. ఎమ్మిగనూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, అందులో ఏరగా మిగిలిన పత్తి, అక్కడక్కడ ఎర్రబడుతున్న మిరప. ఆదోని బస్టాండు బయట ఒకావిడ తోపుడు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ముతోంది. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తాలింపులో వేసి తిప్పితే ఉగ్గాని. ప్లేటు నలభై రూపాయలు, మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తనివ్వదు. చేతులు కడుక్కుందామని ఆమె డబ్బా కుళాయి తిప్పితే రెండు చుక్కలు కారి నీళ్లు ఆగిపోయాయి. పైన మూత బిగించి ఉంది, లోపలికి గాలి పోయే దారి లేదు. నేను పాఠం మొదలుపెట్టేలోపే ఆమె చెయ్యి చాచి మూత వదులు చేసింది, నీళ్లు ధారగా పడ్డాయి. ఆమె దగ్గర పాఠాలు వినే తీరిక లేదు, వెనక పది మంది నిలబడి ఉన్నారు.

అక్కడే మాన్యేలు ఆటో మాట్లాడుకున్నాను. నలభై ఏళ్ల మనిషి, మాట నెమ్మది. పనుల్లేని రోజుల్లో బెంగళూరులో తాపీ పని చేసేవాడట, రెండేళ్లుగా ఆదోనిలో ఆటో నడుపుతున్నాడు. ముందు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు, తర్వాత కోసిగి దారిన తిప్పుకుని, తుంగభద్ర కాలువ చూపించి, సాయంత్రానికి ఎమ్మిగనూరులో దించాలి. మొత్తం తొమ్మిది వందలకు కుదిరింది. ఆయన సొంతూరు కూడా ఆ దారిలోనేనట.

మిల్లులో నన్ను లోపలికి తీసుకెళ్లింది జిలానీ భాయ్ అనే సూపర్‌వైజరు. వెళ్లేముందు ఫోన్ చేసి అడిగితే చాలు, పగలు పదీ పదకొండు మధ్య రమ్మంటారు. మంగళసూత్రాలు, చీర చెంగు జాగ్రత్త అని రెండుసార్లు చెప్పి, తెల్లటి దూది ఎగురుతున్న షెడ్డులో ఒక ఇనుప పెట్టె ముందు నిలబెట్టాడు. ఒక గది నిండే దూది అందులోకి దిగింది. పక్కన చిన్న పంపు గుర్రుమంది. నూనె పైపులు బిగుసుకున్నాయి. నా నడుమంత లావున్న ఉక్కు స్తంభం తొందరేమీ లేకుండా ఆ దూదిని నొక్కుకుంటూ పోయింది. కట్లు వేసి తలుపు తీసేసరికి ఆ గదెడు దూది ఒక బీరువా పక్కకు పడేసినంత బేలు అయింది, బరువు నూట డెబ్బై కిలోలు. బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పంపులోని చిన్న పిస్టన్ దగ్గర నూనె మీద పెట్టిన ఒత్తిడే పెద్ద స్తంభం కింద ప్రతి అంగుళానికీ తగులుతుంది, అంగుళాలు ఎక్కువ కాబట్టి తోపు ఎక్కువ. ఉచితం మాత్రం కాదు. చిన్నది మూరెడు కదిలితే పెద్దది వేలెడు కదులుతుంది. అందుకే ఆ స్తంభానికి అంత నిదానం. నేను ఈ మాట అంటే జిలానీ భాయ్ నవ్వి, "నిదానంగా పోయేదాన్ని ఎవురూ ఆపలేరు మేడమ్, ఆరామ్‌గా సూడండి" అన్నాడు. నేను తృప్తిగా నాలుగు వీడియోలు తీశాను. చీరంతా దూదే.

అక్కడి నుంచి కోసిగి దారి పట్టాం. సగం దూరం పోయాక మాన్యేలుకు భార్య ఫోన్ చేసింది. ఆయన ఆటో పక్కకు ఆపి విన్నాడు. పెట్టేశాక చాలాసేపు స్టార్ట్ చేయలేదు. ఏమైందని అడిగాను. చేను దగ్గర మోటరు కాలిపోయిందట. ఎకరం మిరప, కాయ పట్టే దశ. ఇప్పటికే తడి అంది వారం దాటింది, ఆకు వాలిపోయింది. మెకానిక్కు మోటరు తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లాడు కానీ కాలిన తీగ కొత్తగా చుట్టించి తెచ్చేసరికి మంగళవారం అవుతుందన్నాడు. అప్పటికి చేలో మిగిలేది కట్టెలే.

అంతటితో అయితే ఒక పంట పోయిందనుకోవచ్చు. అసలు సంగతి తర్వాత చెప్పాడు. వాళ్ల ఊళ్లో సగం ఇళ్లు ఈ రోజుల్లోనే గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి వెళ్లిపోతాయి. ఆదివారం లారీ వస్తుంది. పోతారో లేదో ఈ సాయంత్రంలోపు కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి మాట చెప్పాలి. వీళ్లు ఈ ఏడు పోకూడదని గట్టిగా అనుకున్నారు. కూతురు తొమ్మిదో తరగతి. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు కాబట్టి వీళ్లు పోతే ఆ పిల్లా లారీ ఎక్కాల్సిందే. పోయినేడు అలాగే పోయి మూడు నెలల బడి పోగొట్టుకుంది. "మా కాయలు ఎండిపోతాంటే, ఒకరి కాయలు కోయనీకి పోవాల మేడమ్" అని మాన్యేలు ఆటో స్టార్ట్ చేశాడు. నన్ను ఎమ్మిగనూరులో దించి వెనక్కి వస్తానన్నాడు. నీళ్లు అన్న మాట చెవిన పడ్డాక నేను దిగే మనిషినా? కాలువ ఎక్కడికీ పోదు, ముందు చేను దగ్గరికి పోనీయమన్నాను.

ఊరికి అవతల ఉపాధి పనుల్లో తవ్విన వాన నీళ్ల కుంట ఒకటి ఉంది. దానికి మనిషెత్తు మట్టి గట్టు. గట్టుకు ఈవల వాళ్ల చేను. అక్టోబరు వానలకు కుంటలో ఇంకా నీళ్లు ఉన్నాయి, కళ్లెదురుగా నీళ్లు పెట్టుకుని చేను ఎండుతోంది. మాన్యేలు భార్య సలోమి గట్టు మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది. నన్ను చూసి మర్యాదగా లేచింది కానీ ఈ టీచరమ్మను ఇప్పుడెందుకు తెచ్చినావు అన్నట్టు మొగుడి వైపు చూసింది. కుంటలోంచి మోటరు లాగిన నీళ్లను గట్టు మీదుగా చేలోకి తోసే నల్ల పైపు అలాగే ఉంది. గట్టిది, రెండంగుళాలది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మెత్తటి పైపు అయితే లోపలికి నొక్కుకుపోయేది, ఇది పోదు.

మోటరు లేకుండానే ఈ పైపుతో నీళ్లు గట్టు దాటించొచ్చని చెప్పాను. స్కూటర్లోంచి పెట్రోలు తీసేటప్పుడు ట్యూబు పెట్టి పీల్చి వదిలితే దానంతటదే కారుతుంది కదా, అదే ఇది. షరతు ఒక్కటే, చేను కుంట నీళ్ల మట్టం కంటే పల్లంలో ఉండాలి. కంటికి చూస్తే రెండూ ఒకటే మట్టంగా ఉన్నాయి. మాన్యేలు ఇంటికి వెళ్లి తాపీ పని నాటి లెవల్ పైపు తెచ్చాడు. నీళ్లు నింపిన తెల్లటి సన్న గొట్టం, ఎంత దూరాన పట్టుకున్నా రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. గోడలు సమంగా లేపేది దీంతోనే. ఒక కొస కుంట ఒడ్డున సలోమి పట్టుకుంది, ఇంకో కొస చేను మొదట్లో ఆయన పట్టుకున్నాడు. గట్టు మీద నేను గొట్టం మడత పడకుండా చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయన నిటారుగా నిలబడి, గొట్టంలో నీళ్లు నిలిచిన చోటు ఇదని మోకాలు చూపించాడు. చేను మోకాలెత్తు కిందకు ఉంది. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా! కళ్లు మోసపోతాయి, నీళ్లు మోసపోవు.

పైపు మొత్తాన్ని కుంటలో ముంచి నింపాం. రెండు కొసలకూ గోనెగుడ్డ కుక్కాం. నేనూ మోకాళ్ల దాకా దిగాను, చీర కుచ్చిళ్లు ఎప్పుడో మునిగాయి. ఒక కొస నీళ్లలోనే ఉంచి, రెండో కొసను ముగ్గురం గట్టు మీదుగా చేలోకి లాగాం. మాన్యేలు గుడ్డ పీకాడు. నీళ్లు దూకాయి. నేను చప్పట్లు కొట్టాను కూడా. కొట్టిన చప్పట్లు పూర్తికాకముందే పైపులో గుడగుడమని శబ్దం వచ్చి, ధార సన్నబడి ఆగిపోయింది. అతుకు దగ్గర గాలి దూరుతోందని తేల్చి దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టించాను. మళ్లీ ముంచడం, మళ్లీ లాగడం. మళ్లీ అదే గుడగుడ. మూడున్నర అయింది. నల్ల పైపు నీళ్లతో నిండితే ఎంత బరువో నా భుజాలకు తెలిసింది. మాన్యేలు ఫోన్ మోగింది. మేస్త్రీ. గంటలో చెప్తానన్నాడు.

నేను గట్టు మీద చతికిలబడ్డాను. ఏళ్ల తరబడి ఇదే పాఠం చెబుతూ, తీరా అవసరం వచ్చేసరికి చేతులెత్తేసినట్టయింది నా పని. ఆ దిగులులో పక్కనే ఉన్న నిమ్మచెట్టు కంట పడింది. గట్టంతా ఎండిన గడ్డి, ఆ ఒక్క చెట్టు మాత్రం నిగనిగలాడుతోంది, కాయలు కూడా ఉన్నాయి. ఈ చెట్టుకు నీళ్లు ఎవరు పోస్తారని ఊరికే అడిగాను.

సలోమి కొంచెం తటపటాయించి, పైపు మీద మట్టి తుడిచి పాత గుడ్డ పీలిక పక్కకు జరిపింది. కింద పెన్సిల్ దూరేంత బెజ్జం. పైపు కొన్న ఏడాది అత్తగారు మేకు కాల్చి పెట్టిందట. మోటరు వేసినప్పుడల్లా మొదటి నీళ్లు ఈ చెట్టుకు చిమ్ముతాయి, తర్వాతే చేనుకు. ఈ చెట్టు కాయలు ఇంట్లో వాడరు. కోతల పండుగనాడు చర్చికి తీసుకుపోతే అక్కడ వేలం వేస్తారు. అది దేవుని భాగం. అత్తగారు పోయినా సలోమి ఆ బెజ్జాన్ని అలాగే కాపాడుకొస్తోంది. నీళ్లు ఇచ్చే బెజ్జమే కదా, దాంతో చెరుపేముందని ఇంతసేపూ చెప్పలేదు.

నేను లేచి నిలబడ్డాను. దొంగ దొరికాడు. మోటరు తోస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే ఎక్కువ, కాబట్టి బెజ్జంలోంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఇప్పుడు వెనక నుంచి తోసేవాళ్లు లేరు. చేలోకి దిగుతున్న నీళ్లే తమ వెనక నీళ్లను లాక్కుపోవాలి. అలా లాగేటప్పుడు గట్టు నెత్తిన పైపు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతుంది. అదే బెజ్జం, అదే పైపు, ఇప్పుడు మాత్రం గాలి లోపలికి దూరుతుంది. పొద్దున బండి దగ్గర డబ్బాకు గాలి అందక నీళ్లు ఆగాయి, ఇక్కడ గాలి అంది ఆగుతున్నాయి. ఇదంతా చెప్పి బెజ్జం మూసేద్దామన్నాను.

మాన్యేలు తలకాయ గోక్కున్నాడు. నిర్ణయం తనది కాదన్నట్టు భార్య వైపు చూశాడు. సలోమి నిమ్మచెట్టు మీద చెయ్యి వేసి అడిగింది. "దేవుని బాగం ముయ్యాలనా అక్కా?"

ఆ అమ్మాయి నమ్మకం ముందు నేను తొందరపెట్టలేకపోయాను, అలాగని సాయంత్రం ఆగదు. ఆమే కాసేపు చెట్టునూ చేనునూ మార్చి మార్చి చూసింది. "సెట్టుకు నేను దినామూ బిందెతో పోస్తా. బిందె నీళ్లని దేవుడు వద్దంటాడా?" అని, మొగుణ్ణి పైపు ముంచమని చెప్పి, చెంగు బిగించింది.

మూడోసారి నింపి లాగాం. సలోమి గట్టు మీద కూర్చుని బెజ్జం మీద బొటనవేలు పెట్టింది. మాన్యేలు గుడ్డ పీకాడు. నీళ్లు దూకాయి. నేను ఈసారి చప్పట్లు కొట్టలేదు. గుడగుడ రాలేదు. ధార సన్నబడలేదు. పైనుంచి సలోమి గొంతు వినిపించింది, భయమూ నవ్వూ కలిసిపోయి. "నా ఏలు లోపలికి లాగుతాండాది అక్కా!"

నేను గట్టెక్కి ఆమె పక్కన కూర్చున్నాను, నా వేలు పెట్టి నేనూ చూశాను. నిజంగా లాగుతోంది. బోర్డు మీద ఎన్నిసార్లో బాణం గుర్తు వేసి చూపించిన ఆ లాగుడు నా వేలికి తగలడం అదే మొదలు, సంతోషంతో ఒళ్లు జలదరించింది. తర్వాత దాని మీద ట్యూబు ముక్క పెట్టి గుడ్డతో చుట్టాం. గట్టిగా కట్టే పని కూడా లేదు, బయటి గాలే దాన్ని నొక్కి పెట్టుకుంటుంది.

మోటరంత జోరు లేదు. కానీ దీనికి కరెంటు టైం లేదు, రాత్రంతా పారుతుంది, కుంటలో కొస మునిగి ఉన్నంతవరకు ఆగదు. నీళ్లు మొదటి సాలులోకి పాకి, మట్టి నల్లబడుతూ పోతుంటే సలోమి పార పట్టుకుని దాని వెంటే నడిచింది. సాలు చివరికి నీళ్లు అందాక మాన్యేలు దగ్గర ఫోన్ అడిగి తీసుకుంది. మేస్త్రీకి తనే చేసింది. "అన్నా, ఈ తూరి మేము రాము. మా సేనికి నీళ్లు పారతాండాయి" అంది. అవతలాయన ఏదో అంటున్నాడు, ఆమె మళ్లీ అదే మాట చెప్పి పెట్టేసింది. నాకు కళ్లు చెమర్చాయి, అది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

జొన్నరొట్టె తినకుండా కదలనివ్వలేదు. వేరుశనగలను వీళ్లు బుడ్డలంటారు. ఆ బుడ్డల పొడి, పచ్చి ఉల్లిగడ్డ, గట్టు మీద కూర్చుని మూడు రొట్టెలు తిన్నాను. కాలువ చూడటం కుదరలేదు, ఆ మాటే మర్చిపోయాను. మాన్యేలు చీకటి పడేవేళకు ఎమ్మిగనూరు బస్టాండులో దించాడు. మాట్లాడుకున్న డబ్బు తీసుకోనని మొరాయిస్తే సీటు మీద పెట్టి దిగేశాను. ఏడున్నర బస్సు దొరికింది. మోకాళ్ల దాకా బురద, చీర నిండా దూది. కండక్టరు నన్ను ఎగాదిగా చూసి ఆధార్ కార్డు రెండుసార్లు చూశాడు.

ఆదివారం రాత్రి సలోమి ఫోన్ చేసింది. లారీ పొద్దున్నే వచ్చిందట, వీళ్ల సందు మొదట్లో నిలబడి అలవాటుగా హారన్ కొట్టిందట. ఏటా ఆ హారన్‌కు మూటలు సర్దుకునే మనిషి, ఈసారి చేలో మూడో మడికి నీళ్లు తిప్పుతూ విన్నానని చెప్పింది. మా ప్రెస్సు వీడియో క్లాసులో బాగానే ఆడింది, వెనక బెంచీలు కూడా లేచాయి. కానీ నేను ఆ రోజు ఎక్కువ సేపు చెప్పింది సలోమి బొటనవేలి గురించి. నూనె ఒత్తిడికి గదెడు దూది బేలు కావడం గొప్పే. మోకాలెత్తు పల్లానికి ఒక ఇంటిని ఊళ్లో నిలబెట్టేంత బలం ఉందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. క్లాసు అయ్యాక, సలోమి కూతురు బడికి పోతోందా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. పోతోంది, లారీ వెళ్లిన మర్నాడు సోమవారం కూడా మానలేదు.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఆదోని మిల్లు గంటన్నరలో చూసేయొచ్చు కదా అని మధ్యాహ్నానికే ఎమ్మిగనూరు చేరేలా పథకాలు వేసుకోకండి. సాయంత్రం వరకు ఖాళీ ఉంచుకుని, సంచిలో ఒక జత పాత బట్టలు పెట్టుకుని వెళ్లండి, నేను తడి చీరతో రెండు గంటలు వణుక్కుంటూ వచ్చాను.